నేను రాసిన కీ, మంజుల రాసిన జవాబు

ముందే ఒక మాట చెప్పేస్తాను. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీల్లో లెక్కలు చెప్పాను. అందులో నిజంగా చెప్పింది ఎంత, ఊరికే బోర్డు నింపింది ఎంత అని ఎవరైనా అడిగితే నా జవాబు నాకే నచ్చదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి, "సార్, మీ అనుభవాలు ఏమన్న రాయున్రి, మాకు పనికొస్తయ్" అన్నారు. శాలువా కప్పేటప్పుడు చెప్పే మాటలు కావాలనుకుంటే ఇది చదవనక్కర లేదు. ప్రమోషన్లు, బదిలీలు సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, వాటిని అక్కడే ఉండనిస్తాను. నేను రాయదలిచింది ఒక్క పరీక్ష ప్రశ్న గురించి. దానికి నేను రాసిన తప్పు జవాబు గురించి, దానివల్ల ఒక ఆడపిల్లకు జరిగిన నష్టం గురించి.

సగం సర్వీసు నల్లగొండ దిక్కు, సగం పాలమూరు దిక్కు చేశాను. ఇక్కడ చెప్పేదంతా పాలమూరులో, తెలంగాణ వచ్చాక, సెమిస్టర్ పద్ధతి వచ్చాక జరిగింది. అప్పటికి నాకు ఉద్యోగం అలవాటై చాలా కాలమైంది. ఆ అలవాటే కొంప ముంచింది.

బోర్డు నింపడం

బయటివాళ్లు అనుకున్నట్టు లెక్చరర్ పని పాఠం చెప్పడం కాదు. బస్సుల మధ్య ఖాళీలో పాఠం చెప్పడం. మా పిల్లలంతా బస్సు పాసుల మీద వచ్చేవాళ్లు. పొద్దున బస్సు ఆలస్యమైతే మొదటి గంట పోయేది. మధ్యాహ్నం రెండింటి బస్సు తప్పితే మళ్లీ సాయంత్రం దాకా లేదు కాబట్టి ఒంటిగంటన్నరకే సంచులు సర్దేవాళ్లు. వాళ్లను తప్పు పట్టలేదు, నాకూ ఇంటికి పోవాలనే ఉండేది. మిగిలిన రెండు గంటల్లో ఆ సెమిస్టరుకు పెట్టిన సిలబస్ అంతా పూర్తి చేయాలి. పూర్తి చేశామని సంతకం పెట్టాలి.

అందుకని ఒక పద్ధతి తయారైంది. నేను కనిపెట్టింది కాదు, నాకంటే ముందే ఉంది. పరీక్షకు వారం ముందు "ఇంపార్టెంట్" అని పది ప్రశ్నలు బోర్డు మీద రాసేస్తాం. పిల్లలు గైడు తెరిచి ఆ పది ప్రశ్నల కింద గీతలు గీసుకుంటారు. పేపరు తయారుచేసేవాళ్లు కూడా మనలాంటి లెక్చరర్లే, వాళ్ల దగ్గర కూడా అవే గైడులుంటాయి. కాబట్టి పదింట్లో ఏడు వస్తాయి. పిల్లలు పాసవుతారు, ప్రిన్సిపాల్ సంతోషిస్తాడు, రిజల్ట్ బాగుందని పైవాళ్లు మెచ్చుకుంటారు. లెక్కలు ఎవరికి వచ్చాయని మాత్రం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. ప్రతి ఏడూ ఆ పది ప్రశ్నలు రాసి, చేతికంటిన సుద్ద దులుపుకుని ఇంటికి పోయాను.

పెన్ను ఎత్తకుండా గీయడం

లెక్కలు రానివాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి విషయం కొంచెం వివరిస్తాను. ఓపికగా చదవండి, పెద్ద సంగతేమీ కాదు.

ప్రమేయం అంటే ఒక సంఖ్య ఇస్తే ఇంకో సంఖ్య తిరిగి ఇచ్చే నియమం. అయితే నియమం ఒక్కటే చాలదు. ఏయే సంఖ్యలు ఇవ్వవచ్చో కూడా చెప్పాలి, ఆ సంఖ్యల గుంపును ప్రదేశం అంటాం. ఇచ్చే సంఖ్యను కొద్దిగా కదిపితే వచ్చే సంఖ్య కూడా కొద్దిగానే కదిలి, ఎక్కడా దూకకుండా ఉంటే ఆ ప్రమేయం అవిచ్ఛిన్నం. ఇంత చెప్పే ఓపిక లేక మేమంతా, "పెన్ను ఎత్తకుండా గీయగలిగితే అవిచ్ఛిన్నం, ఎత్తాల్సి వస్తే కాదు" అని చెప్పేవాళ్లం. పిల్లలకు అది బాగా నచ్చేది.

శ్రీలత అని మా కాలేజీకి గెస్ట్ లెక్చరర్‌గా వచ్చింది. కొత్త అమ్మాయి, గంటల లెక్కన పని, ఏటేటా మా సంతకంతో కొనసాగే ఉద్యోగం. చేరిన వారానికి స్టాఫ్ రూములో నా పక్కన కూర్చుని అడిగింది.

"సార్, ఒకటి బై ఎక్స్ సున్నా దగ్గర అవిచ్ఛిన్నం కాదని పిల్లల నోట్సుల ఉన్నది. మీరు చెప్పిన్రా?"

"అవును. పెన్ను ఎత్తాలె గదా."

"కానీ సున్నా ఆ ప్రమేయం ప్రదేశంలనే లేదు గద సార్. లేని జాగల తెగిందని ఎట్లంటం? ఉన్న కాడ అంతటా అవిచ్ఛిన్నమే."

ఆ అమ్మాయి చెప్పింది నిజం. ఇరవై ఏళ్లుగా నేను తప్పు చెబుతున్నాను. "కరెక్టే శ్రీలతా, రేపు క్లాసుల దిద్దుత" అన్నాను, దిద్దాను కూడా. అది నా గొప్పతనం కాదు. ఆ గదిలో అప్పుడు మేమిద్దరమే ఉన్నాం, ఒప్పుకుంటే పోయేదేమీ లేదు. పోయేది ఉన్నప్పుడు నేను ఏం చేశానో ముందు చదువుతారు.

మంజుల అడిగిన డౌటు

ఒక ప్రమేయం తీసుకుని, నియమం అలాగే ఉంచి, ప్రదేశాన్ని తగ్గించవచ్చు. మొత్తం సంఖ్యల మీద ఉన్నదాన్ని ఒక ముక్క మీదికి కుదించవచ్చు. దీన్ని రిస్ట్రిక్షన్ అంటాం. మొత్తం మీద దూకని ప్రమేయం ముక్క మీద కూడా దూకదు. ఇది నిజం, నిరూపణ మూడు వరుసలు. ప్రతి ఏడూ పరీక్షలో అడిగేది ఇదే, ప్రతి గైడులో ఉండేది ఇదే. తిరగేసి అడిగితే సంగతి మారుతుంది. ముక్క మీద చూసినప్పుడు దూకలేదు కాబట్టి ఆ చోట్ల మొత్తం ప్రమేయం కూడా దూకదా అంటే, అలా చెప్పలేం.

మంజుల మక్తల్ దిక్కు పల్లె నుంచి వచ్చే పిల్ల. వాళ్ల బాపు మార్కెట్ యార్డులో హమాలీ. తల్లి కూలికి పోయేది. క్లాసులో ఎక్కువ మాట్లాడేది కాదు కానీ అర్థం కాకపోతే ఊరుకునేది కాదు. ఒకరోజు వాన పడి బస్సులు రాక ఏడెనిమిది మందే ఉన్నారు. సిలబస్ నడిపించి లాభం లేదని నేను పుస్తకం మూసి, ఆ తిరగేసిన ప్రశ్నకు ఉదాహరణ చెప్పాను. భిన్నం రూపంలో రాయగల సంఖ్యలకు, అంటే అకరణీయ సంఖ్యలకు, ఒకటి ఇవ్వండి. అలా రాయలేని కరణీయ సంఖ్యలకు సున్నా ఇవ్వండి. అకరణీయ సంఖ్యల మీదికి కుదించి చూస్తే ఎక్కడ చూసినా ఒకటే వస్తుంది, దూకడమే లేదు. మొత్తం సంఖ్యల గీత మీద చూస్తే ఎంత చిన్న జాగాలోనైనా రెండు రకాల సంఖ్యలూ ఉంటాయి కాబట్టి ప్రతిచోటా ఒకటికీ సున్నాకూ మధ్య దూకుతూనే ఉంటుంది.

మంజుల కాసేపు బోర్డు చూసి అడిగింది. "అంటే సార్, కరెంటున్న యాళ్లకే మా ఊరికొచ్చి చూసి, మీ ఊర్ల కరెంటు పోనే పోదని చెప్పినట్టా?"

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. "గంతేనమ్మా, గంతకంటే ఎక్కువ లేదు" అన్నాను. నా సర్వీసులో నేను నిజంగా పాఠం చెప్పిన రోజుల్లో అదొకటి. అది కూడా వాన పుణ్యమే.

క్యాంపు

పరీక్షలయ్యాక పేపర్లు దిద్దడానికి వాల్యుయేషన్ క్యాంపు పెడతారు. ఆ ఎండాకాలం క్యాంపు మా కాలేజీలోనే. మా పిల్లల పేపర్లు వేరే క్యాంపులకు పోయాయి, వేరే కాలేజీలవి మా దగ్గరికి వచ్చాయి. పెద్ద హాలు, గర్రున తిరిగే కూలర్లు, తాళ్లు కట్టిన బండిల్స్. ఒక్కొక్కరు రోజుకు నలభై పేపర్లు దిద్దాలి. నలభై తర్వాత పేపరు మీద ఉన్నది అక్షరమో గీతో కూడా కళ్లకు తెలియదు. నిజం చెబుతున్నాను, పిల్లల జీవితాలు అక్కడ తేలతాయని అందరికీ తెలుసు. అయినా టీ ఎప్పుడొస్తుందా అనే చూస్తాం.

దిద్దే ముందు ప్రతి ప్రశ్నకు సరైన జవాబు, దేనికెన్ని మార్కులో ఒక కాగితం మీద రాస్తారు. దాన్ని కీ అంటాం. రియల్ ఎనాలిసిస్, అంటే ఈ ప్రమేయాల లెక్కల పేపరుకు చీఫ్ ఎగ్జామినర్‌ను నేను కాబట్టి కీ నేనే రాయాలి. ఆ కీయే మిగతా క్యాంపులకూ పోవాలి. మొదటి రోజు పొద్దున మా ప్రిన్సిపాల్, ఆయనే క్యాంపు ఇన్‌చార్జి కూడా, నా బల్ల దగ్గర నిలబడ్డాడు.

"సార్, పదింటికల్ల కీ అయిపోవాలె. వేరే క్యాంపులోళ్లు మన కీ కోసమే కూసున్నరు, రెండుసార్లు ఫోన్ చేసిన్రు."

గబగబా రాసుకుంటూ పోయాను. ఐదో ప్రశ్న ఐదు మార్కులది. అది ఇలా ఉంది: 'f ను A అనే ఉపసమితికి కుదించగా వచ్చిన ప్రమేయం A మీద అవిచ్ఛిన్నం. అప్పుడు f, A లోని ప్రతి బిందువు వద్ద అవిచ్ఛిన్నం అవుతుందా? కారణం తెలపండి.' ఎవరో కష్టపడి ప్రశ్నను తిరగేశారు. నేను 'f', 'A', 'కుదించగా', 'అవిచ్ఛిన్నం' అనే నాలుగు మాటలు చూశాను. పదిహేనేళ్లుగా ఆ నాలుగు మాటలతో ఒకటే ప్రశ్న వస్తోంది. 'అవును' అని రాసి, దాని కింద నా చేతికి అలవాటైన మూడు వరుసలు రాసేశాను. ప్రశ్న చివరిదాకా చదవలేదు. కీ పదింటికి ముందే అయిపోయింది, ప్రిన్సిపాల్ మెచ్చుకున్నాడు.

పిల్లలు కూడా చాలామంది నాలాగే చేశారు. నాలుగు మాటలు చూసి గైడులోని మూడు వరుసలు దించేశారు. అందుకని బండిల్స్ సాఫీగా నడిచాయి. ఎక్కడా తేడా రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం శ్రీలత ఒక పేపరు తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, గీ పేపర్ల ఐదోదానికి 'కాదు' అని రాసిన్రు. ఉదాహరణ గూడ ఇచ్చిన్రు. నాకైతే కరెక్టే అనిపిస్తాంది."

"కీల ఏమున్నది?"

"'అవును' అనే ఉన్నది సార్."

"మరింకేంది?"

"ఒక్కసారి మీరు చూడున్రి సార్."

చూశానని చెప్పలేను. పేపరు చేతిలోకి తీసుకున్నాను, కళ్లు దాని మీద ఉన్నాయి. వెనక ప్రిన్సిపాల్ గడియారం చూస్తున్నాడు. "కీ ప్రకారం పో అమ్మా. ఒక్కొక్క పేపరు కాడ ఆగితే బండిల్ ఎప్పుడైతది?" అన్నాను. పేపరు తిరిగి ఇచ్చేశాను.

ఆమె తన జాగాకు పోయి, ఎర్ర పెన్నుతో సున్నా వేసింది. నా సంతకం మీద ఆమె ఉద్యోగం ఆధారపడి ఉంది, అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కొత్తగా చేరేవాళ్లకు ఇక్కడ ఒక్కటే చెబుతాను. మీ కింద పనిచేసే మనిషి ఒకే మాట రెండోసారి అంటే చేతిలో పని పక్కన పెట్టి వినండి. ఆమె నన్ను 'ఒక్కసారి చూడున్రి' అన్నది ఆ రెండోసారే.

జిరాక్సు కాగితాలు

రిజల్ట్స్ వచ్చిన కొన్నాళ్లకు మంజుల స్టాఫ్ రూముకు వచ్చింది. రియల్ ఎనాలిసిస్ ఆమె రెండో ఏడు రాయాల్సిన పేపరు. అప్పుడు జ్వరంతో దవాఖానలో ఉండి రాయలేదు, ఆఖరి సెమిస్టరుతో పాటు రాసింది. మిగతావన్నీ మంచి మార్కులతో పాసై, ఇదొక్కటే నాలుగు మార్కులు తక్కువై పోయింది. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. సీటు ఖాయం. కానీ మూడు వారాల్లో కౌన్సెలింగ్, అప్పటికి డిగ్రీ పాసైన మెమో చేతిలో ఉండాలి. లేకపోతే సీటు లేదు.

తన జవాబు పత్రం జిరాక్సు తెప్పించుకుని తెచ్చింది.

"సార్, మిగతావి నాకు సమజైనయ్. లెక్కల్ల తప్పులు చేసిన. గీ ఐదోది మాత్రం సమజైతలేదు. ఎక్కడ తప్పు పోయిందో జర చూపెట్టున్రి. మళ్ల గదే తప్పు చెయ్యొద్దు గద."

కాగితం తీసుకున్నాను. 'కాదు' అని మొదలుపెట్టింది. అకరణీయ సంఖ్యలకు ఒకటి, కరణీయ సంఖ్యలకు సున్నా. ముక్క మీద ఎందుకు అవిచ్ఛిన్నమో రెండు వరుసలు, మొత్తం మీద ఎందుకు కాదో నాలుగు వరుసలు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. వాన రోజు నేను చెప్పిన దానికంటే శుభ్రంగా ఉంది. పక్కన ఎర్ర సున్నా.

ప్రశ్న మొదటిసారి చివరిదాకా చదివింది అప్పుడే. నేను శ్రీలతకు తిరిగిచ్చిన పేపరు ఇది కాదు, ఇది ఇంకో క్యాంపులో ఎవరో దిద్దారు. ఎవరు దిద్దినా నా కీ చూసే దిద్దారు. ఆ ఐదు మార్కులు వేసుంటే ఈ పిల్ల పాస్.

"నీ జవాబు కరెక్టమ్మా, కీ నేనే తప్పు రాసిన" అని అనాలి. ఎంత చిన్న మాట అది. నోటిదాకా వచ్చింది. పక్క బల్ల దగ్గర ఫిజిక్స్ ఆయన, కెమిస్ట్రీ ఆవిడ కూర్చుని ఉన్నారు. నేను కాగితం మడిచి, "నేను కనుక్కుంటనమ్మా, రెండు రోజులాగు" అన్నాను.

"రీవాల్యుయేషన్‌కు పెట్టమంటరా సార్?"

"పెట్టు" అన్నాను. రీవాల్యుయేషన్ చేసేవాళ్ల చేతిలో కూడా అదే కీ ఉంటుందని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ప్రిన్సిపాల్ సలహా

మా ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు. జువాలజీ మనిషి. స్టాఫ్‌లో ఎవరికి ఆపద వచ్చినా ముందుండేవాడు. తలుపు దగ్గరికి వేసి ఆయనకు అంతా చెప్పాను. పరీక్షల విభాగానికి ఉత్తరం రాసి, కీ తప్పని ఒప్పుకుందామనుకుంటున్నానని చెప్పాను. ఆయన చేతిలోని పేపర్‌వెయిట్ పక్కన పెట్టి అడిగాడు.

"సార్, నాకు మీ లెక్కలు రావు. ఒకటి అడుగుత, చెప్పున్రి. 'కాదు' అని రాసినోళ్లు ఎంతమంది ఉంటరు?"

"చాలా తక్కువ ఉంటరు."

"'అవును' అని రాసినోళ్లు?"

"మిగతా అందరు."

"మరి మీరు లెటర్ రాస్తే ఏమైతది? వీళ్లకు మార్కులు కలుపుడు ఒక్కటే కాదు, వాళ్లందరికి తీసెయ్యాలె. పాసైనోళ్లు ఫెయిలైతరు. పేపర్లోళ్లు వస్తరు, యూనియన్ పిల్లలు వస్తరు. మీకింక ఏడాదిన్నర సర్వీసున్నది. ఎంక్వైరీ పడ్డదంటే పింఛన్ కాగితాలు ఎక్కడియక్కడ ఆగుతయ్. ఆ పిల్ల తెలివిగల్లదే గద, సప్లిమెంటరీల పాసైతది. ఫికర్ చెయ్యకున్రి."

ఆయన మాటల్లో కొంత నిజముంది. తప్పు రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు ఏం చేయాలో నాకూ తెలియదు. కానీ ఒక్కటి మాత్రం నిజంగా చెప్పాలి. నేను ఆయన దగ్గరికి పోయింది ధైర్యం తెచ్చుకోవడానికి కాదు, వద్దనిపించుకోవడానికి. ఏం చెబుతాడో లోపలికి పోకముందే నాకు తెలుసు. తర్వాత చాలాకాలం ఆయన్నే తిట్టుకున్నాను, అదీ అన్యాయమే.

ఉత్తరం రాశాను. ఒక పేజీ. కవరులో పెట్టి, అతికించి, చేతి సంచిలో పెట్టుకున్నాను. ఆ సంచి రోజూ కాలేజీకి వచ్చింది, రోజూ ఇంటికి పోయింది. రీవాల్యుయేషన్‌లో మార్పు లేదని వచ్చింది. కౌన్సెలింగ్ తేదీ వచ్చి పోయింది. మంజుల సీటు ఇంకెవరికో పోయింది. రెండు రోజులాగమన్న నన్ను ఆ పిల్ల మళ్లీ వచ్చి అడగలేదు. ఏం కనుక్కున్నారు సార్ అని అడిగుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. అడగకపోవడం నాకు సౌకర్యంగా ఉండిందని కూడా ఒప్పుకుంటాను.

దసరా సెలవులయ్యాక శ్రీలత చెప్పింది. "మంజుల కలిసింది సార్ బస్సుల. జడ్చర్ల దిక్కు మందుగోళీల కంపెనీల ప్యాకింగ్ పనికి పోతాందట. షిఫ్టుల పనట."

"సప్లిమెంటరీ రాస్తదట్నా?"

"రాస్తదట." మళ్లీ తనే అడిగింది. "సార్, గా ఐదో ప్రశ్న సంగతి... మీరు లెటర్ ఏమన్న పెట్టిన్రా?"

"పెడ్త."

"మంచిది సార్" అని పుస్తకాలు తీసుకుని క్లాసుకు పోయింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. క్యాంపులో ఒకసారి చెప్పింది, ఇక్కడ ఒకసారి అడిగింది. ఆమె చేయగలిగింది అంతే, చేసింది. ఇప్పటికీ ఆమె ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. నన్నడిగితే మా డిపార్టుమెంటులో అసలు లెక్చరర్ ఆమే.

సప్లిమెంటరీ తర్వాత

చలికాలంలో సప్లిమెంటరీ పరీక్షలు జరిగాయి. అవి కూడా అయిపోయాక, ఇక నాకు తిండి సహించని దశ వచ్చాక, ఉత్తరం పోస్టు చేశాను. ఎందుకంత ఆలస్యం చేశానంటే చెప్పడానికి మంచి కారణం ఏదీ లేదు. రోజూ రేపు వేద్దామనుకున్నాను, అంతే. ఎంక్వైరీ రాలేదు, పింఛన్ ఆగలేదు. కొన్ని వారాలకు, మీ ఉత్తరం అందింది, మీ సూచన భవిష్యత్తులో పరిశీలిస్తాం అని రెండు వరుసల జవాబు వచ్చింది. అన్ని నెలలు భయపడింది ఆ రెండు వరుసలకా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫలితాలు వచ్చాయి. మంజుల పాసైంది. మెమో తీసుకోవడానికి కాలేజీకి వచ్చిన రోజు ఆఫీసు ముందు కనిపించింది. కంపెనీ ఐడీ కార్డు మెడలోనే ఉంది, మనిషి బక్కచిక్కింది. నేను లెక్కల డిపార్టుమెంటు గదికి తీసుకుపోయి కూర్చోబెట్టాను. ఈసారి చుట్టూ ఎవరున్నారో చూడలేదు.

"మంజులా, నీతోటి ఒక మాట చెప్పాలె. ముందే చెప్పాల్సింది. ఆ ఐదో ప్రశ్నకు నువ్వు రాసింది కరెక్టు. కీ తప్పు. ఆ కీ రాసింది నేనే."

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం కనబడుతుందేమో అని చూశాను. కోపం కాదు, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంది.

"నేను రాసింది కరెక్టని నాకెరుకే సార్. మీరు చెప్పిందే గద రాసిన. కీ మీరు రాసిన్రని మాత్రం ఎరుకలేదు."

"ఉత్తరం పంపిన. ఆలస్యంగ పంపిన. నాది తప్పే."

"ఎప్పుడు పంపిన్రు సార్?"

"మీ సప్లిమెంటరీ అయినంక."

ఆమె తల వంచుకుని మెమో ఉన్న కవరు అంచును వేలితో సరిచేసింది.

"సప్లిమెంటరీల గూడ గదే ప్రశ్న వచ్చింది సార్."

పాత పేపరులోంచి ప్రశ్నలు తీసి కొత్త పేపరు తయారుచేయడం, పాత కీనే మళ్లీ వాడటం మాలో మామూలే. నా ఉత్తరం ఎండాకాలంలోనే పోయుంటే ఆ కీ మారేది.

"ఏం రాసినవు?" అన్నాను.

"'అవును' అని రాసిన. గైడుల ఉన్న మూడు వరుసలు రాసిన. తప్పని ఎరుకుండే రాసిన సార్. మళ్ల ఫెయిలైతే సదువు బందు పెట్టిస్తనన్నడు మా బాపు. ఇంకొక్క ఏడు పోగొట్టుకునే ఓపిక నాకు లేకుండె."

కిటికీ బయట పిల్లలు బస్సుకు పరుగెత్తుతున్నారు. మంజుల లేచి, బ్యాగు భుజానికి వేసుకుంది. తలుపు దాకా పోయి ఆగింది. క్లాసులో డౌటు అడిగినప్పుడు ఎలా అడిగేదో అలాగే, మెల్లగా అడిగింది.

"నేను చేసింది తప్పేనా సార్?"

మూడేళ్లలో ఆ పిల్ల నన్ను చాలా డౌట్లు అడిగింది. అన్నిటికీ ఏదో ఒకటి చెప్పాను. తెలియనివి ఇంటికి పోయి చూసుకుని వచ్చి చెప్పాను. ఆ రోజు బల్ల మీది సుద్దముక్కను చూస్తూ కూర్చున్నాను. ఆమె కంపెనీ షిఫ్టు బండి టైమవుతోందని చెప్పి వెళ్లిపోయింది.